పోయిన శుక్రవారం నుంచి

సోమవారం పొద్దున్నే ఎలిఫాస్ వెనకవైపు మెట్టు మీద కూర్చుని మోకాళ్ళకి లవంగ నూనె రాసుకుంటున్నాడు. చూడబోతే కూర్చుంటే లేవలేని మనిషి, చేసేదేమో ఊరంతా కాళ్ళరిగేలా తిరిగే ఉద్యోగం. అంబోన్ పట్నానికి దూరంగా ఒక దీవిలో ఉన్న హతురేసి గ్రామానికి అతను మరిన్యో, అంటే చాటింపువాడు. రాజా ఏ మాట చెప్పమంటే ఆ మాటని, తిఫా డప్పు కొట్టుకుంటూ వీధివీధినా చాటి రావడం అతని పని. చర్చి గోపురం మీద మైకు లేకపోలేదు, కుర్రకారు జేబుల్లో ఫోన్లు లేకపోలేదు. అయినా సరే, మైకులో వినబడితే కబురంటారు, తిఫాతో వినబడితేనే ఉత్తర్వంటారు. తాతలనాటి పద్ధతి, ఎవరూ మార్చలేదు. మార్చి ఉంటే ఎలిఫాస్ మోకాళ్ళు కాస్త బాగుండేవి.

వంటింట్లో అతని భార్య బత్షేబ సగ్గుపిండి రొట్టెలు కాలుస్తోంది. ఒక రొట్టె, కాస్త చేపల పులుసు గిన్నెలో వేసి, గడప మీద పెట్టి, మాట్లాడకుండా లోపలికి పోయింది. వానాకాలం నుంచీ ఇదే వరస. "తిను" అనదు, "వద్దా" అనదు. ఇంట్లో ఇద్దరే ఇద్దరు, ఆ ఇద్దరి మధ్యా గడప.

దానికి కారణం ఊరందరికీ తెలుసు. వానాకాలంలో కొబ్బరితోటలకి సాసి కట్టారు. అంటే తోట మూసేశారన్నమాట. పాస్టరు ప్రార్థన చేసి, దారి మొదట్లో లేత కొబ్బరాకుల కట్ట కట్టాక, మళ్ళీ తెరిచేదాకా ఎవరూ కాయ ముట్టకూడదు. రాలిన కాయైనా అంతే. అలా ఉంటేనే కాయ ముదిరి ఊరంతటికీ దక్కుతుంది. బత్షేబ చెల్లెలి కూతురికి ఆ రోజుల్లోనే కాన్పైంది. బాలింతకి కొబ్బరిపాలు లేకపోతే ఎలాగని ఈవిడ తోటలోకెళ్ళి రాలిన కాయలు ఒళ్ళో వేసుకుంది. కావలివాళ్ళు చూశారు. ఇక శిక్షంటారా, అదీ పాత శిక్షే. ఆ కాయలు దండగా కట్టి మెడలో వేస్తారు. ముందు తిఫా మోగుతుంటే, తప్పు చేసిన మనిషి వెనకే నడుస్తూ, "నేను సాసి తప్పాను, నాలా ఎవరూ చెయ్యకండి" అని ఊరి ఈ చివర నుంచి ఆ చివరకి అరుస్తూ పోవాలి. తిఫా కొట్టేవాడు ఎవరు? మొగుడే.

అదైనా ఆవిడ ఓర్చుకునేదేమో. పాస్టరు ఇంటి దగ్గరికొచ్చేసరికి బత్షేబ గొంతు పూడుకుపోయింది. ఎలిఫాస్ వెనక్కి తిరిగి, "గట్టిగా చెప్పు" అన్నాడు. ఇన్నేళ్ళుగా ఎంతమందికో అన్న మాటే, నోటికి అలవాటైన మాట, అనాలని అన్నది కాదు. కానీ అరుగుల మీద కూర్చున్న ఆడవాళ్ళంతా విన్నారు. ఆ రోజు నుంచి బత్షేబ పెద్దవీధి తొక్కలేదు. చర్చికైనా, పడవల దగ్గరికైనా, పెరటి సందులోంచే పోతుంది. మొగుడితో అవసరమైన మాట తప్ప రెండో మాట లేదు. ఎలిఫాస్‌కి ఇంకే కోరికా లేదిప్పుడు. ఆవిడ మళ్ళీ వీధి గుమ్మంలోంచి తలెత్తుకుని బయటికి రావాలి, అంతే.

రొట్టె సగం తిన్నాడో లేదో గ్రామ కార్యదర్శి మెల్కియానుస్ వచ్చి నిలబడ్డాడు. మనిషి ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాలో ఉంటాడు.

"బూ ఎలీ, బాపా రాజా రమ్మంటున్నారు. తిఫా కూడా తెచ్చుకో." వయసులో పెద్దవాణ్ణి అన్నా అనడానికి అక్కడ బూ అంటారు, రాజాని అయ్యా అనడానికి బాపా అంటారు.

"ఈ వేళప్పుడు చాటింపేంటయ్యా, ఊరంతా తోటలకి పోయుంటే?"

"పోనీ అరిచేది తోటలకి వినబడేలా అరువు."

రాజా యోసఫాత్ వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. రాజా అనగానే కిరీటం, సింహాసనం అనుకోకండి. గ్రామ సర్పంచే. కాకపోతే తండ్రి తాతల నుంచి వచ్చిన పదవి, జిల్లావాళ్ళు ముద్ర వేసిన పదవి. ఊళ్ళోనూ జిల్లాలోనూ లోకువే. నిద్రలేని కళ్ళు, గీసుకోని గడ్డం. వరండా మూల ఒక గోనెసంచి, అందులో లోలా గుల్లలు. బొత్తాలు చేయడానికి వర్తకులు ఎగబడి కొనే గుల్లలవి.

ఆ సంచి అక్కడుండటమే తప్పు. ఎందుకంటే రేవు ముందున్న సముద్రమంతా రెండేళ్ళుగా సాసిలో ఉంది. గుల్ల అరచేయంత అయ్యేదాకా ఎవరూ మునగకూడదు. ఆ కట్టుబాటు ఇంత బాగా పాటిస్తున్నారని జిల్లావాళ్ళు హతురేసిని ఆదర్శ గ్రామంగా ఎంచారు. బహుమతిగా ఐస్ ఫ్యాక్టరీ ఇస్తామన్నారు. దాని కోసం యోసఫాత్ జిల్లా కేంద్రానికి ఎన్నిసార్లు పడవెక్కాడో, ఎన్ని ఆఫీసుల బయట బెంచీల మీద పడిగాపులు కాశాడో ఆయనకే తెలియాలి. పోయిన శుక్రవారం ఆ పెద్దలే పరిశీలనకొచ్చారు. తిన్నారు, తాగారు, మెచ్చుకున్నారు. చివర్లో ఒకాయన, "ఇంతకీ ఆ లోలా అంటే ఎలా ఉంటుందో కళ్ళతో చూడలేదే" అన్నాడు. ఇంటికొచ్చిన వాళ్ళు నోరు తెరిచి అడిగాక లేదనడం ఆ దీవుల్లో ఎవరికీ చేతకాదు. రాజా ఇద్దరు కుర్రాళ్ళని నీళ్ళలోకి దింపాడు. నాలుగు చూపిద్దామనుకున్నది సంచులైంది. కాల్చుకు తిన్నారు, మోయగలిగినన్ని మూట కట్టుకుపోయారు, వదిలేసిన ఒక్క సంచి వరండా మూల ఉండిపోయింది. సముద్రం మూసినందుకు బహుమతి ఇవ్వడానికొచ్చిన వాళ్ళ కోసం సముద్రం తెరిచారు. కంచే చేను మేసిందని వింటాం. ఇక్కడ కంచె తను మేయడమే కాదు, చుట్టాలని పిలిచి మేపింది.

"వాళ్ళలో ఒకాయన గుల్లలు పట్టుకుని ఫోటో దిగి ఫోన్లో పెట్టాడు బూ ఎలీ," అన్నాడు రాజా. "రాష్ట్రం నుంచి అడిగారంట, మూసి ఉన్న సముద్రంలోంచి ఇవెలా వచ్చాయని. ఇప్పుడు జిల్లావాళ్ళు నా పీక మీద కూర్చున్నారు."

"అయితే ఏం చాటమంటారు బాపా?"

రాజా మెల్కియానుస్ వైపు చూశాడు. మెల్కియానుస్ అందుకున్నాడు. "పోయిన శుక్రవారం నుంచి సముద్రం సాసి తీసేశామని చాటు. ఎల్లుండి మళ్ళీ కట్టేస్తాం. దాంతో అంతా సర్దుకుంటుంది."

ఎలిఫాస్‌కి ఒక్క క్షణం అర్థం కాలేదు. "ఇవాళ సోమవారం కదా."

"అవును."

"అయిపోయిన రోజుకి ఇవాళ తిఫా కొట్టమంటావా? ఎప్పుడైనా విన్నామా అలాంటిది?"

"జిల్లాలో అన్నీ ఇలాగే జరుగుతాయి బూ ఎలీ. జీతాలు ఇవాళ పెంచి పోయిన జనవరి నుంచి అంటారు. ఎవరైనా కాదన్నారా?"

"జీతం పెంచితే కాదనేదెవడు?" అన్నాడు ఎలిఫాస్. "మరి సాసి కట్టాలన్నా తీయాలన్నా కావలి పెద్దాయన ఒప్పుకోవాలి కదా, ఆయనో?"

"అంబోన్ ఆసుపత్రిలో ఉన్నాడు. ఆయన తిరిగొచ్చేసరికి కట్టేసే ఉంటుంది."

 రాజా గడ్డం రుద్దుకుంటూ, "వెళ్ళు ఎలీ. నాకూ ఓపిక అయిపోయింది," అన్నాడు. బూ అనడం కూడా మర్చిపోయాడు. ఎలిఫాస్‌కి ఆయన మీద కోపం రావాలి, రాలేదు. అంతకంటే నీరసం వచ్చింది. నోరు రాజాది, గొంతు మాత్రమే తనది. గొంతుకి అభిప్రాయాలేమిటి? తిఫా భుజాన వేసుకుని బయల్దేరాడు.

రేవు దగ్గర మొదలుపెట్టాడు. "వినండహో, బాపా రాజా ఉత్తర్వు. పోయిన శుక్రవారం నుంచి సముద్రం సాసి తెరిచారు. లోలా తీసుకోవచ్చు."

చేపలు ఆరబెడుతున్న యకోమీన చేతిలో చేప అలాగే పట్టుకుని నిలబడిపోయింది. "ఎప్పట్నుంచీ?"

"పోయిన శుక్రవారం."

"ఆ కబురు ఇప్పుడా చెప్పేది? శుక్రవారమంటే మేం ఎన్ని రోజులు వెనకబడ్డాం? నీ తిఫా దారిలో నిద్రపోయిందా?"

"నన్నడక్కు యకోమీన. చెప్పమన్నారు, చెప్తున్నాను."

"చెప్పేవాడికి తెలీదు, వినేవాడికి అర్థం కాదు, ఇదెక్కడి ఉత్తర్వయ్యా," అంటూనే ఆవిడ కొడుకుని కేకేసింది, నీళ్ళలో మునిగే కళ్ళద్దాలూ బుట్టా పట్టుకురమ్మని.

రాజా, మెల్కియానుస్ ఇద్దరూ ఊహించనిది అక్కడే జరిగింది. ఊళ్ళోవాళ్ళు ఎవరు ఎందుకు తెరిచారని అడగలేదు. మూడు రోజులుగా తెరిచే ఉంటే పక్క వీధివాళ్ళు ఈపాటికి ఎంత తీసేసుంటారో అనుకున్నారు. ఎలిఫాస్ చర్చి దాటేసరికి వెనక పడవలు ఇసక మీద ఈడ్చే చప్పుడు. తోటలకి పోయినవాళ్ళు కత్తులు పారేసి పరుగెత్తుకొస్తున్నారు. ముసలీ ముతకా కూడా మోకాటిలోతు నీళ్ళలో దిగి, బొటనవేలంత గుల్లలు ఏరి బుట్టల్లో వేసుకుంటున్నారు. రెండేళ్ళు ఊరు నోరు కట్టుకుని కాచింది పూటలో పోయేలా ఉంది.

ఎలిఫాస్ అదంతా చూశాడు. చూసి ఆగలేదు. మోకాళ్ళు పీకుతున్నాయి, గొంతు గరగరమంటోంది, వీధి ఇంకా సగం మిగిలే ఉంది. అలా నడుస్తూ నడుస్తూ తన ఇంటి దగ్గరికొచ్చేసరికి అతనికో ఆలోచన వచ్చింది. అలసిన బుర్రలోనే ఇలాంటివి పుడతాయి. గడిచిపోయిన శుక్రవారాన్ని డప్పు కొట్టి మార్చగలిగినప్పుడు, గడిచిపోయిన వానాకాలాన్ని మార్చకూడదా?

ఇంటి ముందు నిలబడి ముందు చెప్పాల్సింది చెప్పాడు. తర్వాత కాస్త ఊపిరి తీసుకుని, ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎన్నడూ చేయని పని చేశాడు. సొంత మాట కలిపాడు.

"ఇంకా వినండి. పోయిన వానాకాలంలో కొబ్బరితోట సాసి కూడా తెరిచే ఉంది. ఆ రోజుల్లో కాయలు తీసినవాళ్ళ తప్పు లేదు."

వీధి తలుపు తెరుచుకుంది. బత్షేబ చేతులకి సగ్గుపిండితోనే బయటికొచ్చి నిలబడింది. ఎన్ని నెలలైందో ఆ గుమ్మంలో ఆవిడ కనబడి. ఎలిఫాస్ గుండె ఉప్పొంగింది. పిచ్చి మారాజు, సంతోషపడుతుందనుకున్నాడు.

"అది రాజా చెప్పమన్నాడా?" అని అడిగింది.

"లేదు. నేనే అన్నాను. సముద్రాన్ని వెనక్కి తెరవగా లేంది, తోటని తెరిస్తే ఏం పోయింది? నీ కోసమే బత్షేబా."

"నా కోసమా?" ఆవిడ మెట్టు దిగింది. "నేను కాయలు తీశాను. తోట మూసే ఉంది. తెలిసే తీశాను. తీసినందుకు అవి మెడలో వేసుకుని ఈ వీధంతా నడిచాను. సిగ్గుతో చచ్చిపోయాను, నిజమే. కానీ చేసినదానికి సరిపెట్టేశాను, ఇంక నన్నెవరూ ఏమీ అనడానికి లేదు. ఇప్పుడు తోట తెరిచే ఉందంటే మరి నేను నడిచింది దేనికి? ఊరికే నడిపించారా నన్ను?"

"నీ పేరు బాగుపడుతుందని..."

"నా పేరుకేమైంది? నువ్వు ఆ రోజు నడివీధిలో గట్టిగా చెప్పమన్నావ్ చూడు, అప్పుడు కూడా నాకు ఇంత కడుపు మండలేదు. అప్పుడు నువ్వు నిజం కోసం అరవమన్నావ్. ఇప్పుడు అబద్ధానికి నన్ను అడ్డం పెడుతున్నావ్."

ఎలిఫాస్‌కి ఏడుపొచ్చింది. మనవలున్న మనిషి, నడివీధిలో, తిఫా భుజాన వేసుకుని. ఆవిడ చెప్పింది ముల్లులా కాదు, మేకులా దిగింది. సముద్రం వైపు నుంచి కేకలు వినబడుతున్నాయి, ఎవరికో పెద్ద గుల్ల దొరికినట్టుంది.

"మళ్ళీ చాటాలి," అన్నాడు. "శుక్రవారం సముద్రం మూసే ఉందని." ఆ మాట సగంలోనే గొంతు తెగిపోయింది. రెండోసారి ప్రయత్నించాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. చాటింపువాడి గొంతు పొద్దుటి అబద్ధానికే ఖర్చైపోయింది.

శుక్రవారం నీళ్ళలో దిగిన కుర్రాళ్ళ సంగతి పెరటి సందులో బత్షేబ చెవిన పడే ఉంది. తను కట్టుకున్న లుంగీకి చేతులు తుడుచుకుంది. "నువ్వు కొట్టు," అంది. "నేను అరుస్తాను. ఈ వీధిలో అరవడం నాకేం కొత్త కాదుగా."

పెరటి సందు వైపు చూడనైనా చూడకుండా పెద్దవీధిలో నడిచింది. వెనక ఎలిఫాస్, కుంటుతూ. "శుక్రవారం సముద్రం మూసే ఉంది," అని అరిచింది. "మూసి ఉండగానే రాజా జిల్లా పెద్దల కోసం లోలా తీయించాడు. ఇవాళా మూసే ఉంది. నీళ్ళలోంచి రండి." అరుగుల మీద ఆడవాళ్ళు లేచి వీధిలోకి తొంగి చూశారు.

రేవులో యకోమీన కొడుకు నీళ్ళలోంచి తల పైకెత్తాడు. "పొద్దున తెరిచారు, ఇప్పుడు మూశారు. ఇది సముద్రమా, మీ ఇంటి తలుపా?"

"మా ఇంటి తలుపైతే నిన్ను అడుగు పెట్టనిస్తానా? బయటికి రా," అంది బత్షేబ.

కొందరు బయటికొచ్చారు. కొందరు విననట్టు మళ్ళీ మునిగారు. యకోమీన తన బుట్టకేసి చూసుకుని, బొటనవేలంత గుల్లల్ని తిట్టుకుంటూ తిట్టుకుంటూ నీళ్ళలో ఒంపేసింది. ఊరంటే అంతే, ఒక్క చాటింపుకి పూర్తిగా చెడదు, ఒక్క చాటింపుకి పూర్తిగా బాగుపడదు.

రాజా ఇంటి ముందుకొచ్చేసరికి ఆయన వరండా కొసన నిలబడి ఉన్నాడు. మెల్కియానుస్ కిందికి దూకినంత పని చేశాడు. "ఎవరు చెప్పారు మీకు ఇలా చాటమని? ఉత్తర్వేది?"

బత్షేబ అతన్ని వదిలేసి రాజా వైపు తిరిగింది. "పోయినసారి మీరే చెప్పారు బాపా. సాసి తప్పిన సంగతి ఊరంతా వినేలా చెప్పాలని. దాన్ని రద్దు చేస్తూ తిఫా మోగిందా?" మొగుడి వైపు చూసింది. "మోగిందా?"

ఎలిఫాస్ లేదన్నట్టు తలూపాడు.

"మోగలేదంట. అంటే అదింకా నడుస్తోంది."

రాజా మెట్టు మీద కూలబడ్డాడు.  "ఆ ఐస్ ఫ్యాక్టరీ నా కోసం కాదు ఉసీ," అన్నాడు చివరికి. బత్షేబని అక్కా అని పిలవడం అదే మొదటిసారి. "పట్టిన చేప కుళ్ళిపోయి మనవాళ్ళు మళ్ళీ సముద్రంలోనే పారేస్తున్నారు. అది చూడలేక తిరిగాను."

"తెలుసు బాపా. నేను కాయలు తీసింది కూడా నా కోసం కాదు."

రాజా తల దించుకున్నాడు. "ఇక అది రాదు. రేపు జిల్లా నుంచి ఫోనొస్తే ఏం చెప్పను?"

"నడిచానని చెప్పండి."

మెల్కియానుస్ ఏదో అనబోయాడు. రాజా చెయ్యెత్తి ఆపాడు. లేచాడు. వరండా మూలకెళ్ళి గోనెసంచి మూతికున్న తాడు విప్పి, మళ్ళీ మెడకి పట్టేంత పొడుగు చేసి ముడి వేసి, సంచి మెడలో వేసుకున్నాడు. గుల్లలు గలగలమన్నాయి. చెప్పులు అక్కడే వదిలేసి వీధిలోకి దిగాడు. బరువుకి మనిషి ముందుకి వంగిపోయాడు. ఆయనా పెద్ద వయసువాడేనని ఎలిఫాస్‌కి అప్పుడే కనబడింది.

"నాకు అంత గొంతు లేదు ఉసీ," అన్నాడు మెల్లగా.

"నాకూ లేదు బాపా, ఆ రోజు," అంది బత్షేబ. పక్కకి జరిగి ఆయనకి వీధి మధ్యలో చోటిచ్చింది. ఎలిఫాస్ ముందుకెళ్ళి తిఫా కొట్టడం మొదలుపెట్టాడు.